బాలింత దాచుకునే బాధ

కాన్పు అయిన ఇంటికి పరామర్శకు వెళ్ళిన వారు అడిగే ప్రశ్నలు ఏ ఊరిలోనైనా దాదాపు ఒకటే. పాలు పడుతున్నాయా, బిడ్డ రాత్రి నిద్రపోతున్నాడా, కుట్లు మానాయా, అన్నం సహిస్తోందా అని అడుగుతారు. అన్నిటికీ బాలింత తలూపుతుంది. కాని ప్రతి ఉదయం మరుగుదొడ్డి తలుపు వేసుకున్నాక ఆమె పళ్ళు బిగబట్టి భరించే బాధ గురించి ఎవరూ అడగరు, ఆమె కూడా చెప్పదు. కన్నతల్లికి చెప్పాలంటే సిగ్గు, భర్తకు చెప్పాలంటే మరీ సిగ్గు, డాక్టరు దగ్గరకు వెళ్ళాలంటే పరీక్ష చేస్తారేమోనన్న భయం. రక్తం కనిపిస్తే అది ఇంకా పురిటి రక్తమే కాబోలునని తనకు తానే సర్దిచెప్పుకుంటుంది.

వైద్యులు ఈ బాధను ఫిషర్ అంటారు. ఆయుర్వేదంలో దీనికి పరికర్తిక అని పేరు. కత్తిరించినట్లు ఉండే నొప్పి అని ఆ మాటకు భావం. మన ఇళ్ళలో మాత్రం దీనికి ప్రత్యేకమైన పేరు లేదు. ఆసనం దగ్గర ఏ బాధ వచ్చినా మొలలే అంటారు, ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో బవాసీర్ అంటారు. పేరు తప్పడంతో చికిత్స కూడా తప్పుదారి పడుతుంది.

మొలలంటే ఆసనం లోపలి రక్తనాళాల మెత్తలు ఉబ్బడం. వాటి నుండి రక్తం పోతుంది గాని, లోపలి మొలలు సాధారణంగా ఇంత నొప్పి పెట్టవు. ఫిషర్ అంటే మలద్వారపు అంచున ఉన్న పలుచని పొర చిట్లడం. చూడటానికి గోరంత చీలిక. అయితే ఆ చోట నొప్పిని తెలిపే నరాలు వేలి కొసన ఉన్నంత చురుకుగా ఉంటాయి. విసర్జన సమయంలో గాజుపెంకు కోసినట్లు ఉంటుంది. ఆ తరువాత కొన్ని నిమిషాల నుండి కొన్ని గంటల దాకా మంట సాగుతుంది. మలం మీద ఎర్రని గీత, లేదా చివర రెండు మూడు చుక్కల తాజా రక్తం కనిపిస్తుంది. చీలిక అడుగున మన అదుపులో లేని ఒక కండర వలయం ఉంది. నొప్పికి అది బిగుసుకుంటుంది, బిగుసుకుంటే ఆ చోటికి రక్తం సరిగా అందదు, రక్తం అందని గాయం మానదు. మరోవైపు, నొప్పికి భయపడిన తల్లి విసర్జనను ఈ పూటకు, ఆ పూటకు అని వాయిదా వేస్తుంది. పేగులో నిలిచిన మలంలోని నీటిని పేగు పీల్చుకుంటుంది. మర్నాటికి అది ఇంకా గట్టిపడి పాత చీలికను మళ్ళీ చీలుస్తుంది. చికిత్స అంతా ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచడమే.

కాన్పు తరువాతనే ఇది ఎందుకు ఎక్కువ? గర్భకాలంలో హార్మోన్ల ప్రభావం వల్ల పేగు కదలిక మందగిస్తుంది. కాన్పులో బిడ్డ తల ఒత్తిడి ఆ భాగం మీద పడుతుంది. సిజేరియన్ అయిన వారు తమకు ఈ బాధ రాదనుకుంటారు. కాని కదలకుండా పడుకోవడం, కొన్ని నొప్పిమందులు కలిసి వారికీ మలబద్ధకం తెస్తాయి. ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు తరువాత 180 రోజుల పాటు వాడమని ఇచ్చే ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు కూడా కొందరిలో మలాన్ని గట్టిపరుస్తాయి. వీటన్నిటి మీద మన పథ్యం వచ్చి చేరుతుంది.

పథ్యం గురించి కొంచెం నిలబడి మాట్లాడుకోవలసి ఉంది. చిత్తూరు, తిరుపతి ప్రాంతపు ఇళ్ళలో, మతంతో నిమిత్తం లేకుండా, బాలింతకు నీళ్ళు తగ్గించి ఇచ్చే అలవాటు నేటికీ కనిపిస్తుంది. నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందని, కుట్లు చీము పడతాయని, పాల ద్వారా బిడ్డకు జలుబు చేస్తుందని పెద్దల భయం. ఆకుకూర చలవ, పండు జలుబు, మజ్జిగ పడదు. మిగిలేది వెల్లుల్లి కారం కలిపిన అన్నం, శొంఠి, వాము. మన దక్కనీ ఇళ్ళలో చిల్లా నలభై రోజులూ నెయ్యి, యఖ్నీ, హరీరా, గోంద్ లడ్డూలు పెడతారు. బలానికి అవి మంచివే. కాని వాటిలో మలాన్ని మెత్తబరచే పీచు చాలా తక్కువ. ఇక ఎండాకాలంలో తిరుపతిలో ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటే రోజుల్లో, తలుపులు మూసిన గదిలో, తలకు గుడ్డ కట్టుకుని, సాంబ్రాణి పొగ మధ్య కూర్చున్న తల్లి ఒంటి నుండి ఎంత నీరు చెమటగా పోతుందో ఆలోచించండి. పాలు బాగా పడిన తల్లి రోజుకు సుమారు 750 మిల్లీలీటర్ల పాలు ఇస్తుంది, అందులో నూటికి 87 పాళ్ళకు పైగా నీరే. ఆ నీరు ఎక్కడి నుండి రావాలి? తాగకపోతే శరీరం పేగులోని మలం నుండి పీల్చుకుంటుంది.

పెద్దల పథ్యాన్ని మొత్తంగా కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. నలభై రోజుల విశ్రాంతి, వేడినీళ్ళ స్నానం, ఇంటిపని నుండి విడుదల, నెయ్యి, మాంసం, ఖర్జూరం, వీటన్నిటినీ ఏ డాక్టరూ వద్దనడు. విడిచిపెట్టవలసింది నీటి మీద పెట్టిన ఆంక్ష ఒక్కటే, దానితో పాటు ఆకుకూర, పండు మీద ఉన్న నిషేధం. దివ్య ఖుర్‌ఆన్‌లో అల్ బఖరా సూరా 233వ ఆయతు తల్లి పాల గురించి చెబుతూ, పాలిచ్చే కాలంలో తల్లి తిండి, బట్ట బాధ్యతను తండ్రి మీద ఉంచింది. బిడ్డ కారణంగా తల్లికి కష్టనష్టాలు కలిగించరాదని కూడా అక్కడే ఆదేశించింది. కనుక బాలింతకు పండు కొనితేవడం భర్త చూపే దయ కాదు, ఆమె హక్కు.

పీచు కోసం దూరం వెళ్ళనక్కర లేదు. చిత్తూరు సీమకు రాగి సంగటి ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో సుమారు 11 గ్రాముల పీచు ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాములకు తక్కువే. రాగులలో కాల్షియం కూడా పుష్కలం. పేదల తిండి అని, బాలింతకు వరి అన్నమే మర్యాద అని సంగటిని పక్కన పెట్టే ఇళ్ళు ఉన్నాయి. ఆ మర్యాద వల్ల తల్లికి ఒరిగేదేమీ లేదు. మధ్యాహ్నం చిన్న సంగటి ముద్ద, ఆకుకూర పప్పు, బీరకాయో సొరకాయో కూర, ఉదయం రాగి జావ, సాయంత్రం జామ పండో అరటి పండో, రాత్రి నానబెట్టిన ఎండు అంజీరలు రెండు ఉంటే రోజుకు కావలసిన 25 నుండి 30 గ్రాముల పీచుకు చాలావరకు చేరుకుంటాం. పండిన బొప్పాయి కాన్పు తరువాత తినవచ్చు. దాని మీద ఉన్న భయం గర్భకాలానిది. పీచును ఒక్కసారిగా పెంచకుండా వారం పది రోజులలో క్రమంగా పెంచాలి, లేకపోతే కడుపు ఉబ్బుతుంది. నీరు తాగకుండా పీచు మాత్రం పెంచితే మలం ఇంకా బిగుస్తుంది. బిడ్డకు పాలు పట్టే ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు నీళ్ళు పెట్టుకోవడం మంచి పద్ధతి. గాయం మానేదాకా ఎండుమిరప కారం తగ్గించుకుంటే మంట తగ్గుతుంది. రాయలసీమలో ఈ మాట చెబితే వినేవారు తక్కువని తెలుసు, అయినా చెప్పక తప్పదు.

ఆహారం తరువాత అంత మేలు చేసేది గోరువెచ్చని నీటి తొట్టి. వెడల్పైన ప్లాస్టిక్ బేసిన్‌లో నడుము కింది భాగం మునిగేంత గోరువెచ్చని నీరు పోసుకుని 10 నుండి 15 నిమిషాలు కూర్చోవాలి. రోజుకు రెండు మూడు సార్లు, ముఖ్యంగా విసర్జన అయిన వెంటనే. వేడికి బిగుసుకున్న కండరం సడలుతుంది, నొప్పి అక్కడికక్కడే తగ్గుతుంది. ఉప్పు, డెట్టాల్ కలపనక్కర లేదు. అవి మంట పెంచుతాయి. కాన్పులో కుట్లు పడినవారు కూడా ఇలా కూర్చోవచ్చు. నీటితో శుభ్రపరచుకోవడం మన తహారత్‌లో భాగం కనుక గరుకు కాగితంతో తుడిచే బాధ మనకు లేదు. అయితే ఆ నీటిని మెల్లగా పోసుకోవాలి. గోడకు తగిలించిన జెట్ పైపుతో ఒత్తిడిగా కొట్టడం, సబ్బు రుద్దడం గాయాన్ని రేపుతాయి. తరువాత మెత్తని నూలు గుడ్డతో అద్దుకుంటే చాలు.

విసర్జనకు వెళ్ళవలసిన సమయం శరీరమే చెబుతుంది. ఎక్కువ మందిలో అది ఉదయం ఏదైనా తిన్న తరువాత వస్తుంది. సరిగ్గా అప్పుడే బిడ్డ ఏడుస్తాడు, తల్లి ఆపుకుంటుంది. ఇంట్లో ఉన్న అత్తగారో, ఆడబిడ్డో, భర్తో ఆ పావుగంట బిడ్డను ఎత్తుకుంటే అది సగం మందుతో సమానం. ముక్కుతూ కూర్చోకూడదు, ఫోను తీసుకుని వెళ్ళకూడదు. ఐదు నిమిషాలలో కాకపోతే లేచి వచ్చి మళ్ళీ వెళ్ళాలి. కుట్ల వల్ల నేల మీది దొడ్డిలో కూర్చోలేని వారు కమోడ్ వాడుతూ, పాదాల కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్ళు పైకి లేచి మార్గం సూటిగా అవుతుంది. పాలు పట్టేటప్పుడు గట్టి మంచం అంచున కూర్చోకుండా పక్కకు తిరిగి పడుకుని పట్టవచ్చు. తీవ్రమైన నొప్పి, ఆందోళన పాలు దిగడాన్ని కూడా అడ్డుకుంటాయి. పాలు చాలడం లేదని డబ్బా పాలు మొదలుపెట్టిన కొన్ని ఇళ్ళలో అసలు కారణం తల్లికి ఉన్న ఈ నొప్పేనని ఎవరికీ తట్టదు. విసర్జనకు భయపడి తిండే తగ్గించే తల్లులు కూడా ఉన్నారు. ఇది అన్నిటికంటే ప్రమాదం. తల్లికి బలం పోతుంది, మలం మాత్రం మెత్తబడదు.

ఇక మందుల సంగతి. పాలిచ్చే తల్లి మందు పేరు వింటేనే బిడ్డకు ఏమవుతుందోనని వెనకాడుతుంది. ఆ జాగ్రత్త మంచిదే. కాని ఫిషర్‌కు మొదటగా ఇచ్చే మందులు చాలావరకు పేగులోనే పనిచేసి బయటికి పోతాయి, రక్తంలో కలిసేది అతి స్వల్పం. ఇసబ్‌గోల్ పొట్టు, లాక్టులోజ్ సిరప్, పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి ఈ కోవలోవే. ఇసబ్‌గోల్‌ను నిండు గ్లాసు నీళ్ళతోనే తాగాలి, ఇతర మాత్రలకూ దానికీ మధ్య ఒకటి రెండు గంటలు ఎడం ఉంచాలి. నొప్పికి పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ సాధారణంగా పాలిచ్చే తల్లులకు ఇచ్చే మందులే. కోడీన్, ట్రమడాల్ కలిసిన నొప్పి మాత్రలు మాత్రం వద్దు. అవి మలబద్ధకం పెంచడమే కాక పాల ద్వారా బిడ్డకు చేరి మగతను, శ్వాస ఇబ్బందిని కలిగించగలవు. పైపూతగా వాడే లిగ్నోకెయిన్ జెల్లీ కాసేపు తిమ్మిరి ఇస్తుంది. కండరం బిగువును సడలించే డిల్టియాజెమ్ పూత మందును డాక్టర్లు రోజుకు రెండుసార్లు, ఆరు నుండి ఎనిమిది వారాలు రాయమంటారు. నైట్రోగ్లిజరిన్ పూత కూడా ఉంది, దానితో చాలామందికి తలనొప్పి వస్తుంది. ఈ రెండింటినీ సొంతంగా కొనకూడదు. బిడ్డకు పాలిస్తున్నానని డాక్టరుకు నోరు తెరిచి చెప్పి రాయించుకోవాలి. పూసుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను తాకాలి. స్టెరాయిడ్ కలిసిన మొలల ఆయింట్‌మెంట్లను నెలల తరబడి రాస్తే అక్కడి చర్మం పలచబడుతుంది. పేగు శుభ్రమవుతుందని ఆముదం తాగించే అలవాటు కడుపునొప్పి, విరేచనాలు తెస్తుంది గాని చీలికను మాన్పదు.

మలబద్ధకం చేస్తోందని ఐరన్ మాత్రలను చెత్తబుట్టలో వేయకండి. రక్తహీనత మన ఆడవారిలో ఎంత ఉందో అందరికీ తెలిసినదే. ఐరన్‌ను, కాల్షియంను ఒకే పూట వేసుకోకుండా వేరు చేయడం, అవసరమైతే మరో రకం ఐరన్ మార్పించుకోవడం దారి. ఐరన్ వాడితే మలం నల్లగా రావడం సహజం. ఫిషర్ రక్తం తాజా ఎరుపులో ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే అనవసరమైన భయం ఉండదు.

ఎరుపు రంగు మాట వచ్చింది కనుక ఒక ధార్మిక విషయం. నిఫాస్, అనగా కాన్పు తరువాతి స్రావం, ఉన్నంత కాలం నమాజు ఉండదు. నిఫాస్ ఆగిన తరువాత కూడా ఫిషర్ రక్తాన్ని చూసి ఇంకా నిఫాస్ లోనే ఉన్నానని నమాజు వదిలే సోదరీమణులు ఉన్నారు. ఆసనం నుండి వచ్చే రక్తం నిఫాస్ కాదు, దానికి గుసుల్ అవసరం లేదు. శుభ్రపరచుకుని వుజూ చేసుకుని నమాజు చదువుకోవాలి. రక్తం ఆగకుండా వస్తూ ఉంటే మాజూర్ నియమాలు వర్తిస్తాయి, వాటిని మీ మస్లక్ ప్రకారం ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. కూర్చోవడం, సజ్దా చేయడం కష్టమైనప్పుడు ఏం చేయాలన్నదానికి సహీహ్ బుఖారీలో ఒక ఉదంతం ఉంది. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) గారికి మొలల వ్యాధి ఉండేది. ఆయన దానిని దాచుకోలేదు. దైవప్రవక్త (స) వద్దకు వెళ్ళి నమాజు ఎలా చేయాలని అడిగారు. నిలబడి చేయమని, అది చేతకాకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు పడుకుని చేయమని జవాబు లభించింది. ఆసనం వ్యాధి గురించి ఒక సహాబీ అడిగిన ఆ ప్రశ్న వల్ల ప్రతి కాలపు రోగులకూ సౌలభ్యం దొరికింది. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) గారు స్త్రీల ఆంతరంగిక విషయాన్ని దైవప్రవక్త (స) సమక్షంలో నేరుగా అడిగిన సంగతి కూడా మనకు తెలిసినదే. హయా అంటే రోగాన్ని దాచడం కాదని వేరే చెప్పాలా?

రమజాన్ నెల కలిసి వస్తే పాలిచ్చే తల్లికి షరీఅత్ ఉపవాసం వాయిదా వేసుకునే అనుమతి ఇచ్చింది. పగలంతా నీరు లేకపోవడం ఫిషర్‌కు మొదటి శత్రువు. గాయం పచ్చిగా ఉన్నప్పుడు ఆ అనుమతిని వాడుకోవడంలో న్యూనత ఏమీ లేదు. తరువాత ఎలా పూర్తి చేయాలన్నది ఆలిమ్‌ల వద్ద తెలుసుకోవచ్చు.

ఎవరికి చెప్పాలి? అందరికంటే ముందు ఇంటికే వచ్చే ఆశా కార్యకర్తకు. కాన్పు తరువాత 3, 7, 14, 21, 28, 42 రోజులలో ఆమె బిడ్డను చూడటానికి రావలసి ఉంటుంది. బిడ్డ బరువు చూసి వెళ్ళిపోనీయకుండా ఆమెను లోపలి గదిలోకి పిలిచి రెండు మాటలు చెప్పండి. ఏఎన్ఎం ద్వారా మలం మెత్తబరచే మందు దొరికే మార్గం చూపుతుంది. తిరుపతిలో 1960లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, రుయా ఆసుపత్రి రెండూ ఉన్నాయి; ప్రసూతి ఆసుపత్రిలో మహిళా డాక్టరుకు చెప్పుకుని, అవసరమైతే సర్జరీ విభాగానికి వెళ్ళవచ్చు. చిత్తూరు వైపు వారికి జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. మహిళా డాక్టరు కావాలని అడగడానికి సంకోచించనక్కర లేదు. దొరకని పక్షంలో పురుష డాక్టరు చూడటాన్ని అవసరం దృష్ట్యా ధర్మం అనుమతిస్తుంది. నర్సును గానీ, మీ వెంట వచ్చిన స్త్రీని గానీ గదిలో ఉంచమని అడగవచ్చు. చాలామంది భయపడేది వేలు పెట్టి పరీక్షిస్తారని. కొత్త ఫిషర్‌ను సాధారణంగా పైనుండి మెల్లగా చూసి, లక్షణాలు విని గుర్తిస్తారు. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు లోపలి పరీక్షను వాయిదా వేస్తారు.

బస్టాండు గోడల మీద, కరెంటు స్తంభాల మీద మొలలు, ఫిషర్, ఆపరేషన్ లేకుండా ఒక్క ఇంజెక్షన్‌తో మాయం అని కనిపించే బోర్డుల వైపు మాత్రం వెళ్ళవద్దు. అర్హత లేనివారు పొడిచే ఘాటైన మందుల వల్ల ఆ మార్గం కుంచించుకుపోయి జీవితాంతం బాధపడేవారు ఉన్నారు. సిగ్గుపడే రోగే ఇటువంటి వారికి పెట్టుబడి.

కొత్త చీలికలు చాలావరకు ఆహారం, నీరు, గోరువెచ్చని తొట్టి, మలం మెత్తబరచే మందుతోనే కొన్ని వారాలలో మానుతాయి. ఆరు నుండి ఎనిమిది వారాలు దాటినా మానకపోతే, అంచున చిన్న చర్మపు తోక ఏర్పడితే, అది పాతబడిందని అర్థం. అప్పుడు పూత మందులు, బొటాక్స్ ఇంజెక్షన్, చివరకు కండర వలయంలో కొంత భాగాన్ని కోసి సడలించే చిన్న ఆపరేషన్ ఉన్నాయి. ఆ ఆపరేషన్ సాధారణంగా మంచి ఫలితం ఇస్తుంది. అయితే కాన్పైన స్త్రీ విషయంలో తొందరపడకూడదు. కాన్పులోనే ఆ కండరం కొంత దెబ్బతిని ఉండవచ్చు. కాన్పు తరువాత వచ్చే ఫిషర్లలో కండరం బిగువు అసలు ఎక్కువగా ఉండకపోవచ్చు కూడా. అటువంటప్పుడు కోస్తే గాలి, మలం మీద అదుపు తగ్గే ప్రమాదం ఉంది. ఎవరైనా మొదటి రోజే ఆపరేషన్ అంటే మరో సర్జన్ అభిప్రాయం తీసుకోండి.

జ్వరంతో పాటు ఆసనం పక్కన వాపు, చీము ఉన్నా, రక్తం ధారగా పోతున్నా, గాలి లేదా మలం ఆపుకోలేకపోతున్నా, యోని మార్గం నుండి మలం గానీ గాలి గానీ వస్తున్నా ఇంటి వైద్యం ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. బరువు తగ్గుతూ, విరేచనాలు అవుతూ, చీలిక మధ్యరేఖలో కాక పక్కన ఉన్నదని డాక్టరు చెబితే క్షయ వంటి ఇతర కారణాల కోసం పరీక్షలు అవసరమవుతాయి.

నొప్పి పోయిందని మరునాడే పాత పథ్యానికి తిరిగి వెళ్ళవద్దు. పైకి మానిన పొర లోపల గట్టిపడటానికి మరికొన్ని వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో ఒక్కసారి మలం బిగుసుకున్నా మళ్ళీ చీలవచ్చు. పాలు మాన్పించే దాకా సంగటి, ఆకుకూర, నీళ్ళ గ్లాసు కొనసాగనివ్వండి. మళ్ళీ గర్భం వస్తే మొదటి పరీక్షలోనే ఈ సంగతి డాక్టరుకు చెప్పండి. ఐరన్ మొదలుపెట్టిన రోజే మలం మెత్తబరచే మందు కూడా రాసిస్తారు.